వయసు పెరగని ఎనోక్

బర్న్‌లీ, 2008 అక్టోబరు 6

పాత రికార్డుల ఆఫీసులో రిష్టన్ గారికి,

జూన్‌లో అమ్మ పోయింది. నాకు తోబుట్టువులు లేరు, పిల్లలు లేరు. మావాళ్ళని చెప్పుకోవడానికి ఇక కాగితాల మీది వాళ్ళే మిగిలారు. అందుకని వంశవృక్షం వేస్తున్నాను. అమ్మమ్మ సెలీనా వరకు బాగానే వచ్చింది. ఆమె తండ్రి, నేతమిల్లులో పనిచేసిన ఎనోక్ దగ్గర ఆగిపోయాను. జనాభా లెక్కల్లో ఆయనకు 1881లో ఇరవైతొమ్మిదేళ్ళు. 1891లోనూ అంతే, 1901లోనూ అంతే. భార్య హానా మాత్రం ఇరవైఏడు నుంచి నలభైఏడుకు వచ్చింది. అసలు వయసు తేల్చగలరా?

జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ,
మేవిస్ హోల్డెన్

తా.క.: ఆయన ఏ సబ్బు వాడేవాడో తెలిసినా రాయండి.

అక్టోబరు 20

శ్రీమతి హోల్డెన్ గారికి,

వీరు ముగ్గురు వేర్వేరు ఎనోక్‌లని మా అభిప్రాయం. హానా గారు వరసగా ఇరవైతొమ్మిదేళ్ళ ఎనోక్‌లనే పెళ్ళాడి ఉండవచ్చు.

విధేయుడు,
క్లిఫర్డ్ రిష్టన్

తా.క.: ఫారంలో సబ్బుకు గడి లేదు.

అక్టోబరు 23

రిష్టన్ గారూ,

మీ ఉత్తరం పక్కింటి ఐరిస్‌కి చదివి వినిపించాను. "ముగ్గురా? నాకు ఒక్కడితోనే తల ప్రాణం తోకకొచ్చిందే తల్లీ" అంది. ఆ పేజీల్లో అడుగు వరస చూడండి. జోబ్ అని బొగ్గుబండివాడు, ఆ ఇంట్లో అద్దెకున్నవాడు. ముప్ఫై, నలభై, యాభై అని బుద్ధిగా పెరిగాడు. పరాయివాడి వయసు సరిగ్గా రాయించి, మొగుడిది తప్పు రాయిస్తుందా?

పట్టు వదలని,
మేవిస్

తా.క.: ఎనోక్ ఫోటో లేదు. నా ముక్కు ఆయనదేనని రోజూ అద్దంలో చూసుకుంటున్నాను.

డిసెంబరు 11

మేవిస్ గారికి,

క్షమించండి. ఎనోక్ ఒక్కడే. పని వెతుక్కుంటూ వెళ్ళి, 1880లో పొరుగు జిల్లాలో జ్వరంతో పోయాడు. అప్పటికి ఇరవైతొమ్మిదేళ్ళు. వాళ్ళ అద్దె ఇల్లు అతని పేరున ఉంది. లెక్కలు రాయడానికి వచ్చినవాడే ఆ వీధిలో అద్దె వసూలు చేసేవాడు. ఇల్లు ఖాళీ చేయిస్తాడన్న భయంతో అతనితో హానా గారు నిజం చెప్పలేకపోయి ఉంటారు. మొగుడు బతికే ఉన్నాడని రాయించాక మళ్ళీ పెళ్ళి ఎలా చేసుకుంటారు? సెలీనా గారు పుట్టింది 1884లో. మిగతా లెక్క మీరే వేసుకోగలరు.

మొహమాటంతో,
రిష్టన్

తా.క.: ఈ ఉత్తరం నాలుగుసార్లు చించి రాశాను.

2009 జనవరి 19

రిష్టన్ గారూ,

లెక్క ఐరిస్ వేసింది, వేళ్ళ మీద. "అయితే నీ ముక్కు బొగ్గుబండిదేమో చూసుకో" అంది. నేను నవ్వలేదు. ఉన్న ఒక్క ముత్తాతా పోయాడు, జోబ్ అనడానికా, ఐరిస్ మాట తప్ప ఇంకో ఆధారం లేదు. పండగ రోజులు ఎలాగో గడిపాను.

ఈ నెల 1911 లెక్కలు బయటపెట్టారుగా, చూశాను. ఆ సంవత్సరం ఫారాలు ఎవరివి వాళ్ళే నింపారు. అప్పటికి హానా లేదు, సెలీనా కాపురానికి వెళ్ళిపోయింది. జోబ్ వేరే వీధిలో ఒక గదిలో ఒంటరిగా ఉన్నాడు. 'ఇంటి పెద్దకు ఏమవుతారు' అన్నచోట 'అద్దెకున్నవాడు' అని రాసుకున్నాడు. లెక్కలాయన ఎర్రసిరాతో కొట్టేసి, 'ఇంటి పెద్ద' అని దిద్దాడు.

మీ
మేవిస్

తా.క.: పిల్లలెందరని అడిగే గడి పెళ్ళయిన ఆడవాళ్ళు మాత్రమే నింపాలి. పెళ్ళి కాని జోబ్ అందులో 'ఒకరు' అని రాశాడు. దాన్నీ ఎర్రసిరాతో కొట్టేశారు గానీ, చదవడానికి వస్తోంది.