నా రెండు చేతిగంటలు

ఏప్రిల్ 11, మంగళవారం

డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయిందట. ఇక చేతిగంటలు వాయించడం మానేయాలన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వాయిస్తున్నానయ్యా అన్నాను. అందుకేనండీ అరిగింది అన్నాడు. కుర్రాడికి ముప్ఫై కూడా ఉండవు. తర్కం మాత్రం బాగానే ఉంది.

వచ్చే నెల ఏడో తారీకున రాజుగారి పట్టాభిషేకం కచేరీ. కోట ముందు వేదిక కడుతున్నారు. పెద్ద పెద్ద గాయకుల మధ్యలో మా లాంకషైర్ ఊరి చాపెల్ హాలు నుంచి పన్నెండు మందిమి తెల్ల గ్లవ్స్ వేసుకుని నిలబడి, నిమిషన్నర సేపు గంటలు వాయించాలి. దేశమంతా టీవీలో చూస్తుంది. జనవరిలో ఆ పిలుపు ఉత్తరం వచ్చిన రోజున మా గంటల బృందం కెప్టెన్ ఓస్వాల్డ్ కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగాడు.

ఒక్కో గంటకి ఒక్కటే స్వరం, నోటు అంటాం; మనిషికి రెండు గంటలు. నావి పదమూడో నంబరు, పద్నాలుగో నంబరు. పాట మధ్యలో అన్నీ ఆగిపోయి, పదమూడు ఒక్కటే మూడుసార్లు మోగుతుంది. అక్కడ తప్పితే దాక్కోవడానికి చోటుండదు.

ఇప్పుడు వాటిని ఇంకొకరు వాయిస్తారు. నేను ఇంట్లో కూర్చుని చూస్తాను.

ఏప్రిల్ 12

ఓస్వాల్డ్‌కి చెప్పాను. అయ్యో ఎనిడ్ అన్నాడు. ఆ వెంటనే, మరి నీ గంటలు ఎవరికిద్దామంటావ్ అన్నాడు. దుఃఖానికి నాలుగు సెకన్లు కేటాయించాడు. లెక్కపెట్టాను.

ఏప్రిల్ 14

మా కోడలు టామ్సిన్‌కి ఇస్తారట.

మేము ఉత్తరాదివాళ్ళం, టామ్సిన్ మా దేశంలోనే దక్షిణాది పిల్ల. మా డంకన్‌ని చేసుకుని పదకొండేళ్ళయింది. మా ఇంట్లో టీ ముందు, పాలు తర్వాత; తను ఇప్పటికీ కప్పులో ముందు పాలు పోసి, ఆ తర్వాత టీ పోస్తుంది. ప్రతి మంగళవారం ప్రాక్టీసు దగ్గర అందరికీ ఆ టీయే.

పాట ఆ అమ్మాయికి వచ్చు, మూడేళ్ళుగా కప్పులు కడుగుతూ వింటోంది కదా అన్నాడు ఓస్వాల్డ్. ఆ లెక్కన హాల్లో పిల్లికి కూడా వచ్చు అన్నాను. పిల్లి సైజులో గ్లవ్స్ దొరకవులే అన్నాడు. ఓస్వాల్డ్ జోకు వేయగా వినడం 1998 తర్వాత ఇదే.

నేర్పాల్సింది నేనే. మూడు వారాలు.

ఏప్రిల్ 17

వంటింటి బల్ల మీద దుప్పటి మడతపెట్టి గంటలు పరిచాను. మొదటి పాఠం.

ఒక నోటు తప్పింది. సారీ అంది. ఆ సారీ అనేలోపు తర్వాతి నోటు వెళ్ళిపోయింది. దానికీ సారీ. పదహారు నోట్లకి పదకొండు సారీలు. బస్సులో ఎవరైనా మన కాలు తొక్కితే వాళ్ళకి మనమే సారీ చెప్పే జాతి మాది, నాకు తెలియనిది కాదు. కాని కంచు గంటకి సారీ చెప్పే మనిషిని ఇప్పుడే చూశాను.

గంటకి చెవుల్లేవమ్మా అన్నాను. సారీ అంది.

ఏప్రిల్ 20

ఆమె మణికట్టు బాగుంది. నాకు రెండేళ్ళు పట్టిన తిప్పు ఆమెకి రెండో రోజే వచ్చేసింది. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు.

ఏప్రిల్ 23, ఆదివారం

నలభై ఏళ్ళు లాటిన్ చెప్పిన మనిషిని, నాకు ఉపాయాలకి కొదవా. పిప్పరమెంటు బిళ్ళ ఒకటి ఆమె నోట్లో పెట్టించాను. పెదాలు బిగించి వాయించాలి. సారీ అంటే బిళ్ళ కింద పడుతుంది.

మొదటి విడతలో నాలుగు బిళ్ళలు పడ్డాయి. డంకన్ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏంటమ్మా, దానికి కళ్ళెం పెట్టి గుర్రాన్ని తోలినట్టు తోలుతున్నావ్ అన్నాడు. గుర్రమైతే ఈపాటికి నేర్చుకునేదిరా అన్నాను. టామ్సిన్‌కి నవ్వాగలేదు. ఐదో బిళ్ళ పడింది.

ఆ తర్వాత వరసగా రెండుసార్లు పాటంతా తప్పు లేకుండా వాయించింది. నేను టీ పెట్టాను. పాలు ముందు పోసే పెట్టాను. గమనించినట్టు లేదు.

ఏప్రిల్ 29

ఆమె తప్పాలని నాకు కొంచెం ఉంది. రాసేశాను. కొట్టేయను.

మే 5, శుక్రవారం

రేపు పొద్దున్నే వాళ్ళ బస్సు. టామ్సిన్ గంటల పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చింది. కోటు కూడా విప్పలేదు. మీకు నా మీద కోపమా అని అడిగింది. బొటనవేలు నొప్పి అన్నాను. పదకొండేళ్ళ కాపురంలో మా ఇంటి భాష ఆమెకి వచ్చేసింది. పెట్టె అందుకుంది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, పదమూడు ఒక్కటే మోగే ఆ మూడు మోతల దగ్గర తప్పితే ఏం చేయను అంది. తప్పితే తర్వాతది వాయించు, అయిపోయిన నోటుకి అంత్యక్రియలు చేస్తూ కూర్చోకు అన్నాను.

ఆమె వెళ్ళాక వంటింట్లో బల్ల ఖాళీగా కనిపించింది. దుప్పటి తీయలేదు.

మే 7, ఆదివారం, సాయంత్రం 7.40

నా టీవీ పెద్దదని అందరూ ఇక్కడికే. అందరూ అంటే డంకన్, పక్కింటి విల్ఫ్. విల్ఫ్ కాగితపు కిరీటం పెట్టుకుని, పెద్ద గాజు గిన్నెలో కేకు, కస్టర్డు పొరలు వేసిన ట్రైఫిల్ పట్టుకొచ్చాడు. షెర్రీ వైను కొంచెమే పోశాను ఎనిడ్ అన్నాడు. గిన్నె మూత తీస్తే ఆ ఘాటుకి నా కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి.

8.05

జాతీయగీతం మొదలవగానే విల్ఫ్ ట్రైఫిల్ గిన్నెతో సహా లేచి నిలబడ్డాడు. డంకన్ సగం లేచి నావైపు చూశాడు. మనింట్లో మనం కూర్చుంటే రాజుగారికి కనపడదురా అన్నాను. ఆయనకి కనపడకపోతే ఏం, నాకు నేను కనపడతాను కదా ఎనిడ్ అన్నాడు విల్ఫ్. నేనూ లేచాను. రిమోట్ దూరంగా ఉంది, అందుకు.

8.30

ఇంకా రాలేదు. ఎవరో మెరుపుల చొక్కా అబ్బాయి గెంతుతున్నాడు. కచేరీకి నేను వెళ్ళినా ఇంత భయపడి ఉండను.

9.10

అయిపోయింది. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి విల్ఫ్ చెప్పిందే చరిత్ర అవుతుంది.

మొదట ఓస్వాల్డ్ మీసాలు కనిపించాయి. తర్వాత పన్నెండు మందీ. ఓస్వాల్డ్ పక్కనే టామ్సిన్, పెదాలు బిగించి. మీ కోడలు జుట్టు భలే దువ్వుకుందే అని విల్ఫ్ మొదలుపెట్టాడు. నోరు మూసుకో విల్ఫ్ అన్నాను. మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

అన్నీ ఆగాయి. పదమూడు. పదమూడు. పదమూడు. మూడూ నిండుగా, తీరిగ్గా మోగాయి. కొంచెం తప్పాలని కోరుకున్న ముసలిది ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు. నా కుడిచేయి సోఫా మీద తనంతట తనే ఊగుతోందని నొప్పి పుట్టాకే తెలిసింది.

అప్పుడు జరిగింది. తర్వాతి నోటు ఓస్వాల్డ్‌ది, పదిహేను. ఓస్వాల్డ్ కెమెరా వంక చూసి నవ్వుతున్నాడు. గంట బల్ల మీదే ఉంది. టామ్సిన్ చేతిలో గంట దించి, చెయ్యి చాపి, అతని ముందున్న పదిహేను అందుకుని మోగించి, మళ్ళీ అక్కడే పెట్టేసి, తన పద్నాలుగు వేళకి తన పద్నాలుగు మీదికి వచ్చేసింది. పాటకి గీత పడలేదు. ఓస్వాల్డ్ పెదాలు కదిలాయి. సారీ. దేశమంతా చూసింది.

ఈ అందుకోవడం నేను నేర్పలేదు. నాకు రాదు.

ఆ చేతులు అలా దాటించడం మామూలేనా అమ్మా అన్నాడు డంకన్. ఇంతేనా, అప్పుడే అయిపోయిందా అన్నాడు విల్ఫ్. ఏంటమ్మా ఏడుస్తున్నావా అన్నాడు డంకన్. షెర్రీ ఎక్కువైంది అన్నాను. కొంచెమే పోశాను ఎనిడ్ అన్నాడు విల్ఫ్.

మే 9, మంగళవారం

ఆ దాటింపు రిహార్సల్లో అనుకున్నదేనని ఓస్వాల్డ్ ఊరంతా చెబుతున్నాడు. చెప్పుకోనీ.

టామ్సిన్ వచ్చింది. చూశారా అంది. చూశాను, పక్కవాళ్ళ గంట ముట్టుకోకూడదు, అది పద్ధతి కాదు అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. నేనైతే ముట్టుకునేదాన్ని కాదు, వాడి ఖర్మని వదిలేసేదాన్ని, పాట అక్కడ చచ్చిపోయేది అన్నాను. అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. మా ఇంట్లో క్రిస్మస్‌కి తప్ప అలాంటివి లేవు.

పెట్టె తీసి, మీ గంటలు తెచ్చాను అంది. ఎవరి గంటలు వాళ్ళే ఇంట్లో తుడుచుకోవాలి, అది మా హాలు పద్ధతి అన్నాను. అందుకే మీకు తెచ్చాను, ఇవి మీవి కదా అంది.

నీవి అన్నాను. పట్టుకెళ్ళి తుడుచుకో.

మే 16, మంగళవారం

ప్రాక్టీసు రోజు. నేను వెళ్ళలేదు. హాలు మా వీధి చివరే. ఆరున్నరకి కిటికీ తెరిచాను. గాలి అటునుంచి వీస్తోంది, గంటలు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి.

పద్నాలుగు వెంట్రుకవాసి తొందరపడుతోంది. చెప్పను.