గొడ్డలి పట్టిన పెద్దావిడ

సివ్ కామెన్ గ్రామం,
3 సెప్టెంబర్ 1979

కామ్రేడ్ డైరెక్టర్ ఎవ్లోగి తాబాకోవ్ గారికి రాద్కా ఘేనోవా కోపంతో రాయునది.

మొన్న బుధవారం మీ మ్యూజియంలో టికెట్ల ఆవిడతో పోట్లాడిన నల్ల తలగుడ్డ మనిషిని నేనే. "అమ్మా, అరవకండి, ఏదున్నా ఉత్తరం రాయండి" అన్నారు మీరు. ఇదిగో, రాస్తున్నాను.

పోయిన అక్టోబరులో క్యాబేజీ పులియబెట్టే పీపా దించడానికి మా పెరట్లో గొయ్యి తవ్వింది నేను. ఎముకలు, బంగారు పూసలు, రాగి గొడ్డలి దొరికింది నాకు. పుర్రెకంటిన మట్టిని నా తలగుడ్డతో తుడిచింది కూడా నేనే. ఆ టైములో మా ఆయన గంచో చెట్టు కింద సారా తాగి గుర్రు పెడుతున్నాడు. మరి మీ అద్దాల పెట్టె మీద ఏం రాశారు? "ఐరోపా తొలి మహారాజు. మన జాతి ఈయన నుంచే పుట్టింది. కనుగొన్నవారు: గంచో ఘేనోవ్." పుట్టిందా? ఎక్కడి నుంచి, మోకాలి నుంచా?

ఆవిడ ఆడమనిషి బాబూ! ముందు పళ్ళలో సన్నటి గాడి ఉంది. ఉన్ని దారం పళ్ళతో పట్టి లాగి లాగి పడే గాడి అది. నాకూ ఉంది, మా అమ్మకీ ఉండేది. ఆ చీటీ వెంటనే మార్చండి.

ఇట్లు,
మీ మీద మంచి అభిప్రాయం లేని
రాద్కా

తా.క. మీవాళ్ళు గొయ్యి చుట్టూ తాడు కట్టి పోయారు. పీపా ఏడాదిగా వాకిట్లోనే ఉంది. ఈ చలికాలం మేం క్యాబేజీ తినాలా, చరిత్ర తినాలా?

---

జిల్లా మ్యూజియం,
12 సెప్టెంబర్

గౌరవనీయులైన రాద్కా గారికి,

మీ ఆవేశాన్ని అర్థం చేసుకోగలను. అయితే సమాధిలో గొడ్డలి ఉంది. గొడ్డలి ఉన్నది మగవాడి సమాధి, ఇది శాస్త్రం. ఆ పళ్ళ గాడి గట్టి గింజలు నమలడం వల్ల ఏర్పడినది. ఆ కాలపు స్త్రీలు పొయ్యి దగ్గర ఉండేవారు. ఇక కనుగొన్నవారి సంగతి: ఇంటి యజమాని పేరు రాయడం మా పద్ధతి. నా ముందుమాటతో, ఫోటోతో మ్యూజియం పుస్తకం నాలుగు భాషల్లో అచ్చయిపోయింది. ఒక ప్రతి జతచేస్తున్నాను. దయచేసి ఈ విషయం మరిచిపోండి.

భవదీయుడు,
ఎ. తాబాకోవ్

తా.క. మీ వారికి ప్రశంసాపత్రం విడిగా పంపుతున్నాను, చట్రంతో సహా.

---

సివ్ కామెన్,
19 సెప్టెంబర్

డైరెక్టర్ గారికి,

గొడ్డలి ఉంటే మగాడా? మా ఇంట్లో గొడ్డలి ఎవరి చేతిలో ఉందో వచ్చి చూడండి! గంచోకి ఇరవై ఆరేళ్ళుగా నడుంనొప్పి. పెళ్ళయిన మొదటి చలికాలం కట్టెలు కొట్టమంటే మొదలైంది, ఇంకా తగ్గలేదు. రేపు నేను పోయాక గొడ్డలితో పాతిపెడితే నన్నూ మహారాజుని చేస్తారా?

పాపం, ఆవిడ ఎవరి బిడ్డో. ఎవరు పోయినా మనం నల్ల అంచు కాగితం వేయించి తలుపులకీ స్తంభాలకీ అంటిస్తాం కదా, ఆవిడకి ఆ దిక్కు కూడా లేదు. మా పెరట్లో దొరికింది, మా మనిషే. ఆ మర్యాద నేనే జరిపిస్తాను. మీరేం చేసుకుంటారో చేసుకోండి.

ఇట్లు,
పొయ్యి దగ్గర ఉండని
రాద్కా

తా.క. ప్రశంసాపత్రం అందింది. గంచో దాన్ని మంచానికి ఎదురుగా తగిలించుకుని పడుకునే చూసుకుంటున్నాడు.

---

జిల్లా మ్యూజియం,
1 అక్టోబర్

ప్రియమైన కామ్రేడ్ గంచో ఘేనోవ్ గారికి,

ఈ ఉదయం మ్యూజియం తలుపు మీద, బస్టాపులో, రొట్టెల దుకాణం గోడ మీద నల్ల అంచు కాగితం చూసి నిర్ఘాంతపోయాను. ఫోటోలో రాద్కా గారు! "బతికినన్నాళ్ళూ గొడ్డలి దించలేదు. ఆవిడ గొప్పతనాన్ని మగవాడి పేరున రాశారు" అన్న మాటలు చదివి నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ చివరి ఉత్తరం నా బల్ల మీదే ఉంది. విప్పలేదు. ఇక విప్పే ధైర్యం లేదు.

నా మనసులో బరువు దించుకోనివ్వండి. ఆవిడ చెప్పిందే నిజం. అది స్త్రీ కటి ఎముకేనని రాజధాని నుంచి ఎముకల డాక్టరు జూలైలోనే రాశారు. అప్పటికే పుస్తకం అచ్చులో ఉంది, పెద్దల ఉపన్యాసాలూ అయిపోయాయి. ఏం చెయ్యను? మీరూ నేనూ మగవాళ్ళం. ఈ ముక్క మన మధ్యే ఉండనివ్వండి.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
ఎ. తాబాకోవ్

తా.క. ఇక గొయ్యి గురించి అడిగేవారు లేరు కనుక తాడు వసంతం దాకా ఉంచుతాం.

---

సివ్ కామెన్,
5 అక్టోబర్

తాబాకోవ్‌కి రాద్కా రాయునది, పైలోకం నుంచి కాదు, ఇంటి నుంచే.

నేను చావలేదయ్యా! ఫోటో లేనిదే చావు కాగితం వెయ్యనని ప్రెస్సువాడు మొండికేశాడు. ఆవిడ ఫోటో ఎక్కణ్ణుంచి తేను? పళ్ళు కలిశాయి కదా అని నాది ఇచ్చాను.

మీ ఉత్తరం గంచో పైకి చదువుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే మిరపకాయలు కాలుస్తున్నాను. "ఏమయ్యా, ఇక్కడే ఉన్నానుగా!" అంటే, "అయినా ఎంత బాగా రాశాడే!" అన్నాడు.

జూలైలోనే తెలుసా? తెలిసీ నాకు శాస్త్రం చెప్పారా? సిగ్గులేదూ! బతికుండి మొత్తుకుంటే మరిచిపోమన్నారు, చచ్చానంటే నిజం చెప్పారు. ఆడదాని మాట వినాలంటే ఆడది చావాలా?

ఆవిడ ఆరు వేల ఏళ్ళు ఆగింది. నేను ఆగను. మీ ఉత్తరం ప్రెస్సుకిచ్చాను. అదే నల్ల అంచు. ఫోటో తప్పనిసరి కదా, మీ పుస్తకంలోంచి మీది కత్తిరించి ఇచ్చాను. సోమవారం పొద్దున్నే మీ తలుపు చూసుకోండి.

ఇట్లు,
ఆవిడని కనుగొన్న
రాద్కా ఘేనోవా

తా.క. గంచో ప్రశంసాపత్రంలో తన పేరు కొట్టేసి నా పేరు రాశాడు. జిగురు బకెట్టు కూడా తనే మోస్తున్నాడు. నడుంనొప్పి ఏమైందయ్యా అంటే, "నువ్వు పోయావని చదవగానే పోయింది. ఇక కట్టెలు నేనే కొట్టుకోవాలి కదా అనిపించింది" అన్నాడు.