ఉప్పునీళ్ల రీలు

ఆదివారం, రాత్రి

ఇవాళ నా గాలం రీలు నన్ను మోసం చేయలేదు.

అన్నయ్య విశాఖలో ఏళ్ల తరబడి సముద్రపు చేపలకు వాడి, నాకిచ్చిన రీలు అది. “ఉప్పునీళ్లల్ల నానిన రీలు ఎన్నొద్దులు పనిజేస్తదే?” అని మా ఆయన ఎగతాళి చేసేవారు. నేను మాత్రం దాన్ని విప్పి, మంచినీళ్లతో కడిగి, నూనె వేసి పెట్టుకున్నాను.

సాయంత్రం ధర్మపురిలో నేను ఒడ్డున గాలం వేస్తుంటే, ఆయన ఎవరిదో గుండ్రటి పుట్టి పడవ అడిగి తీసుకుని గోదావరిలోకి వెళ్లారు. తెడ్డు చేజారింది. పుట్టి గిరగిరా తిరుగుతూ బండల వైపు కొట్టుకుపోసాగింది. ఆయనకు ఈత రాదు.

గాలం విసిరాను. మొదటిసారి అందలేదు. రెండోసారి దారం పుట్టి మీదుగా పడింది.

“చేతికి చుట్టుకోకుండ్రి! పుట్టి అంచుకు కట్టుండ్రి!” అని అరిచాను.

దారం బిగిసింది. రీలు కీచుమంటూ కొంత దారం వదిలి, ఆగింది. విరగలేదు. వెనక్కి నడుస్తూ, చుట్టుకుంటూ, మెల్లగా పుట్టిని ఒడ్డుకు లాగాను.

ఇంటికొచ్చి కడుగుతుంటే రీలు లోపల ఏదో గరగరమంటోంది. బేరింగ్ అరిగిందేమో. రేపు విప్పి మారిస్తే ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది, నాకు నమ్మకముంది. కానీ ఆ దారమే తెగి ఉంటే...

కట్టేటప్పుడు దారం కోసుకుని ఆయన అరచేతులు తెగాయి. అన్నం నేనే కలిపి తినిపించాను.

“నాకు గూడ గాలమేసుడు నేర్పుతవా?” అని అడిగారు.

“ముందుగాల ఈత నేర్చుకోండ్రి” అన్నాను.