మంచం మీంచి చూసే బొమ్మలు

అక్కా,

కొత్త ఫ్లాట్‌లోకి చేరాను, వేళకి తింటున్నాను, నువ్వేం బెంగ పెట్టుకోకు. నీ మరదలు వేసిన బొమ్మలన్నీ నిన్న గోడలకి పెట్టించాను. డ్రిల్లు పట్టుకొచ్చిన వడ్రంగి ఎక్కడ పెట్టమంటారని అడిగితే, మంచం మీద గోడవైపు, నీ మరదలు పడుకునే వైపు పడుకుని "ఇంకాస్త కిందకి, ఆఁ, అక్కడే" అని చెప్తూ పోయాను. తను మంచాన పడ్డాక పాతింట్లో అలాగే కదా పెట్టేవాణ్ణి. తను పోయిందని నా ఒంటికి ఇంకా తెలిసినట్టు లేదు. లేచి చూస్తే బొమ్మలన్నీ నా నడుం దగ్గరున్నాయి. "పైకి మార్చమంటారా సార్? చూసినవాళ్ళు నవ్వుతారు" అన్నాడు. "నవ్వనీ, నువ్వెళ్ళు" అని కసిరాను. పాపం, అతనేం చేశాడు?

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నీ మరదలు నీకిచ్చిన గొడుగుల బొమ్మ కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుంటాను, ఇస్తావా? కిటికీ పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. పోస్టులో వద్దు, అద్దం పగులుతుంది, నువ్వే పట్టుకురా. పిల్లలకి నా దీవెనలు.

వచ్చాక మాత్రం నిలబడి చూసి బాలేదనకు. మంచం మీద గోడవైపు పడుకుని చూడు. అక్కణ్ణించి అన్నీ సరిగ్గానే ఉంటాయి.

నీ తమ్ముడు