ఏడో గడి ఖాళీగా వదిలినందుకు

నగర్తపేట, బెంగళూరు
1946 జూన్ 14

ప్రాథమిక పాఠశాలల ఇన్‌స్పెక్టరు దొరవారి సముఖమునకు, ఇత్తడి పాత్రలమీద పేర్లు చెక్కి జీవించే వెంకటగిరియప్ప, వయస్సు ముప్పైమూడు, వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: ఒకటో తరగతి ఉపాధ్యాయుని పనికి నేను పెట్టిన దరఖాస్తును 'అసంపూర్ణం' అని త్రిప్పి ఇచ్చుట, దానిని మరల విచారణకు తీసుకొనుట గురించి.

అర్జీలు కన్నడంలో ఉండవలెనని ఎరుగుదును. దరఖాస్తును కన్నడంలోనే పెట్టినాను. అందులో తప్పులు లేవని తమ గుమాస్తాగారే ఒప్పుకొన్నారు. ఇది మాత్రం తెలుగులో వ్రాస్తున్నాను. తమరి ఇంట తెలుగే మాట్లాడుకొంటారని తమ కచ్చేరీ జవాను నంజప్ప చెప్పినాడు.

1. నేను 1929లో లోయర్ సెకండరీ పరీక్ష పాసైనాను. తెలుగు, కన్నడం రెండూ చదవడం, వ్రాయడం వచ్చును. పదిహేనేండ్లుగా బిందెలమీద, చెంబులమీద అక్షరాలు చెక్కుతున్నాను. పలకమీద తప్పు వ్రాస్తే చెరిపివేయవచ్చు, ఇత్తడిమీద చెరపలేము. కాబట్టి నా అక్షరాలను గురించి తమరు సందేహించ పనిలేదు.

2. ఫారంలో ఏడో గడి 'ఇంట్లో మాట్లాడే భాష'. దానిని ఖాళీగా వదిలినాను. మరిచిపోయి వదిలినది కాదు. ఫారం అడుగున 'పైన వ్రాసినదంతా సత్యము' అని ఉన్నది, దానిక్రింద నేను చేవ్రాలు పెట్టవలెను. నా భార్య మునిలక్ష్మి 1942లో విషజ్వరంతో పోయినది. బిడ్డలు లేరు. అప్పటినుంచి మా ఇంట్లో ఏ భాషా మాట్లాడడం లేదు. లేనిదాన్ని ఉన్నదని ఎట్లా వ్రాసేది? రేషను కార్డులో 'మనుషులు: ఒకరు' అని వ్రాసినప్పుడు ఎవరూ ఆక్షేపించలేదని కూడా మనవి.

3. గుమాస్తా ఆదినారాయణప్పగారు నన్ను కిటికీ దగ్గరికి పిలిచి విచారించినారు. విచారణ జరిగిన విధము:

"ఏమప్పా, ఈ గడి ఖాళీగా పెట్టుండావు? మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"ఏమీ మాట్లాడరు స్వామీ."

"తెలుగోనివే కదప్పా నువ్వు? తెలుగు అని రాసెయ్యి."

"ఎవురితో మాట్లాడేది స్వామీ? నేనొక్కణ్ణే ఉండాను."

"అట్లయితే కన్నడం అని రాయి. ఏదో ఒకటి రాయల్ల కదా. మూగోడు పిల్లోళ్ళకి ఏం పాఠం చెప్తాడు?"

వరుసలో ఉన్నవారు నవ్వినారు. నేనూ నవ్వినాను. పదిమందితో కలిసి నవ్వి చాలా కాలమైనందున అప్పుడు నాకు కోపం రాలేదు. ఇంటికి పోయి తలుపు తీసినాక వచ్చింది. ఎర్ర సిరాతో 'అసంపూర్ణం' అని వ్రాసిన ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నన్నే అన్నట్టు తోచింది.

4. ఇక అసలు సంగతి. గడచిన ఫిబ్రవరిలో మా ప్రక్క వీధి బడిలో ఒకటో తరగతి మేష్టరు ఆవులప్పగారికి జ్వరం వచ్చింది. బడి వారి నీళ్ళ బిందె మీద పేరు చెక్కి ఇవ్వడానికి పోయిన నన్ను, హెడ్మాష్టరుగారు ఒక్క పూట పిల్లలను చూచుకొమ్మన్నారు. ఇది నిబంధనలకు విరుద్ధమే. శిక్ష ఏమైనా ఉంటే నాకు వేయవలెను, వారికి కాదు.

పిల్లలు ముప్పైయొక్క మంది. ముప్పైయొక్కరూ ఒక్కసారే మాట్లాడినారు. ఒకడు ఊడిన పన్ను చూపించినాడు. ఒకడు వాళ్ళ ఆవు ఈనిందన్నాడు, దూడ చెవులు ఎట్లా ఉన్నవో చేతులతో చూపించినాడు. నేను చెప్పిన పాఠం నాలుగు అక్షరాలు కూడా దాటలేదు. గంట కొట్టినాక పాపక్క అనే బిడ్డ నా పంచె పట్టుకొని అడిగింది.

"రేపు కూడా నువ్వే వస్తావా సారూ?"

"వస్తానమ్మా."

మరుసటి దినం ఆవులప్పగారు వచ్చినారు. అది న్యాయమే. కాని నేను ఆ బిడ్డకు అబద్ధం చెప్పినవాడినైనాను. నాలుగు నెలలుగా ఆ వీధిన పోవడానికి మొగం చెల్లక చుట్టు తిరిగి పనికి పోతున్నాను.

5. మా ప్రక్కింటి అంజినప్ప, "బతకలేక బడిపంతులు అంటారు కదప్పా, చేతిలో పనుండాది, నీకేం ఖర్మ?" అంటాడు. నేను బతకడానికే బడిపంతులు కావలెనంటున్నాను. జీతం ఎంతైనా సరే. హొసకోటె అవతల ఎవరూ పోని ఊరైనా సరే. అక్కడ కూడా ఒకటో తరగతిలో ఒక పాపక్క ఉంటుంది.

కావున, ఈ నెల ఇరవయ్యో తేదీతో గడువు ముగియుచున్నందునను, వచ్చే ఏటికి నా వయస్సు హద్దు దాటిపోవునందునను, నా దరఖాస్తును దయతో తీసుకొనవలెను. ఏడో గడిలో తమరు ఏ భాష వ్రాయమంటే అది వ్రాస్తాను, సత్యానికి మాత్రం తమరే పూచీ పడవలెను. ఇది తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెంకటగిరియప్ప

తా.క. పని లేదనే జవాబైతే దయచేసి తపాలాలో పంపవద్దు. నన్ను కచ్చేరీకి పిలిపించి నోటితో చెప్పండి. నాకు తొందర ఏమీ లేదు. ఒక్క మాటలో తేల్చివేయక, ఎందుకు లేదో కాస్త నిదానంగా, నాలుగు మాటలు చెప్పండి.