నమస్తే, కోడూరి జీ

వైశాలి, ఘజియాబాద్

అక్కకు, చెల్లి సుజాత నమస్కారాలు.

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాయే కదా? అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. మా ఓనరు ఆంటీ రోజూ ఆలూ పరాఠాయే పెడుతోంది. నీ చేతి కందిపొడి పంపవే. ఫోన్లో చెబితే అమ్మ వింటుందని ఇదంతా రాస్తున్నాను.

ఆఫీసులో నేహా అని ఒకమ్మాయి ఉంది. ఆమెను చూస్తే నాకు కడుపుమంట, నీ దగ్గర దాపరికం దేనికి? మేం పెన్షనర్ల కోసం వెబ్‌సైట్ చేస్తున్నాం. డేటాబేసులో వివరాలన్నీ పదిలంగా ఉంచేది నేను. వాటిని స్క్రీన్ మీద ముచ్చటగా చూపించేది ఆమె. ఉత్త అంకెలుగా ఉన్న తేదీని నెల పేరుతో చూపిస్తుంది, పెన్షన్ మొత్తానికి కామాలు పెడుతుంది. వండేది నేను, వడ్డించేది ఆమె, మెచ్చుకోలు వడ్డించినవాళ్లకి. టీమ్ లీడర్ పోస్టు కూడా ఆమెకే ఇస్తారని గుసగుసలు. ముందు చేరింది నేను.

మొన్న ఆ వెబ్‌సైట్‌ని పెన్షన్ ఆఫీసర్లకు చూపించాం. అందులో ఒకాయన మన తెలుగువారే, మద్దూరి సత్యం గారు. ఆయన లాగిన్ అవగానే "నమస్తే, మద్దూరి జీ" అని వచ్చింది. పేరులో మొదటి మాట తీసుకుని జీ తగిలించేలా రాసిందట నేహా. మనకు ఇంటిపేరు ముందుంటుందని ఆమెకేం తెలుసు? నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది దీని పని అనుకున్నాను. ఆయనేమో నవ్వేసి, మా లెక్కల మాస్టారు ఇలాగే పిలిచేవారన్నారు. సాయంత్రానికల్లా పోస్టు నేహాకి ఖాయమైంది. మెట్రోలో ఇల్లు చేరేదాకా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

మర్నాడు ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. ఇక్కడ అందరూ నన్ను కోడూరి అనే పిలుస్తారు, నేనూ సర్దుకుపోయాను.

"కోడూరి దీదీ, అసలు మీ పేరేంటి?" అని హిందీలో అడిగింది.

చెప్పాను. ఇన్నాళ్లూ ఇంటిపేరుతో పిలిచామా అని మొహం చిన్నబుచ్చుకుంది. పేరూ ఇంటిపేరూ విడివిడిగా ఉంచమని నన్నడిగి, తన వైపు సరిచేసుకుంది. ఇవాళ పొద్దున్న నేను లాగిన్ అయితే "నమస్తే, సుజాత జీ" అని వచ్చింది. ఈ ఆఫీసులో నా పేరు పెట్టి నన్ను పలకరించడం ఇదే మొదలు.

తీరిగ్గా కుళ్లుకోవడానికి కూడా లేకుండా చేసిందే అక్కా. పోస్టు పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ మండుతోంది.

అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. కందిపొడి రెండు డబ్బాలు పంపు. నేహా కారం తింటుందట.

నీ చెల్లి,
సుజాత