వాగు ఒడ్డున జారిన జీపు

1986 ఆగస్టు 12, మంగళవారం

మధ్యాహ్నం అడవిలోని గూడెం నుంచి పురిటి నొప్పులు పడుతున్న లచ్చమ్మను నేను నడిపే దవాఖానా జీపులో ములకలపల్లి తెస్తుంటే, వాగు ఒడ్డున వెనక చక్రం జారింది. జీపు నీళ్ల వైపు ఒరిగింది. బ్రేకు మీది నుంచి కాలు తీయాలంటే భయమేసింది.

ఆమె భర్త సోమయ్య దిగి చక్రం కింద రాళ్లు పెట్టాడు. "పోనియ్ అన్నా, నేను పట్టుకున్న" అన్నాడు. జీపును మనిషి ఆపగలడా? అయినా పోనిచ్చాను. చక్రం రాళ్ల మీదికెక్కి జీపు మళ్లీ బాట మీదికొచ్చింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. "బాట ఉండబట్టే బతికిన్రు. నెలనెలా పొదలు కొట్టి మేమే సాపు చేసుకుంటం" అన్నాడు సోమయ్య. దొంగ కలప లారీలు రాకుండా ఎల్లుండి ఆ బాటకు అడ్డంగా కందకం తవ్వుతారని ఫారెస్టు గార్డు పొద్దున్నే నాకు చెప్పాడు. సోమయ్యకు చెప్పలేకపోయాను. ఆ గూడెంలో ఇంకో ఇద్దరికి నెలలు నిండుతున్నాయి.